వాపసు వచ్చిన ఇరవై బస్తాలు

2025 సెప్టెంబరు 29వ తేదీ ఉదయం, కర్నూలులో మేము పదిహేనేళ్లుగా సాఫ్ట్‌వేర్ చూసుకుంటున్న ఒక సిమెంటు, ఇనుము డీలరు కొట్టు నుంచి ఫోను వచ్చింది. చేసినవారు అక్కడ లెక్కలు చూసే పెద్దాయన. కంప్యూటరు రాకముందు నుంచీ ఆ కొట్లో చిట్టా, ఆవర్జా, అంటే రోజువారీ పద్దు, ఖాతాల పుస్తకం రాసిన మనిషి కనుక, తెర మీద అంకె కనబడగానే నమ్మేసే అలవాటు ఆయనకు లేదు. "ఏమప్పా, పన్నెండో తేదీ పంపిన బస్తాల్లో ఇరవై వాపసు వచ్చినాయి. బిల్లేమో ఇరవై ఎనిమిది పర్సెంటు వేసి కొట్టినాం. వాపసు కొడితే పద్దెనిమిదే తీసుకుంటాంది. మిగతా పది ఎవరిస్తారు, నువ్విస్తావా?" అని అడిగారు.

ఆయన అడిగినది ఆరు వందల రూపాయల సంగతి. బస్తా మూడు వందల చొప్పున ఇరవై బస్తాల అసలు ధర ఆరు వేలు. సెప్టెంబరు 12న వేసిన బిల్లులో దాని మీద జీఎస్టీ 28 శాతం, అంటే 1,680 రూపాయలు. సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద పన్ను 18 శాతానికి తగ్గింది. ఇంటి స్లాబు పోయడం వాయిదా పడిందని కొనుగోలుదారు మిగిలిన బస్తాలు తెచ్చి ఇస్తే, మా ప్రోగ్రాము ఆ వాపసును ఆనాటి కొత్త రేటుతో లెక్కగట్టి 1,080 రూపాయలే తిరిగి చూపించింది. చట్టం ప్రకారం క్రెడిట్ నోటు, అంటే వాపసు సరుకుకు ఇచ్చే చీటీ, మొదటి అమ్మకానికి సంబంధించినది కనుక, ఆ బిల్లులో ఏ రేటు పడితే ఆ రేటే తిరిగి రావాలి. పెద్దాయన చెప్పినదే సరైన లెక్క.

నాకు సిగ్గనిపించింది ఆరు వందలకు కాదు. అంతకు వారం ముందు, 21వ తేదీ ఆదివారం సాయంత్రం, మా ఆఫీసులో మేము కొంచెం గర్వంగానే కూర్చుని ఉన్నాము. రేట్లు మారబోతున్నాయని జీఎస్టీ కౌన్సిల్ సెప్టెంబరు 3న ప్రకటించినప్పటి నుంచి, తెలిసిన ప్రోగ్రామర్లు చాలామంది ప్రతి సరుకు రేటునూ అర్ధరాత్రి పన్నెండు గంటలకు చేత్తో మార్చడానికి మనుషులను సిద్ధం చేసుకుంటూ ఉంటే, మేము మాత్రం రేట్ల పట్టికలో ఫలానా తేదీ నుంచి ఫలానా రేటు అని కొత్త వరుసలు చేర్చి, ఏడు గంటలకల్లా తాళం వేసుకుని ఇళ్లకు వెళ్లిపోయాము. ఆ పట్టికలో ప్రతి రేటుకూ అమలు తేదీ ఉంటుంది. బిల్లు వేసేటప్పుడు ప్రోగ్రాము తేదీ చెప్పి రేటు అడుగుతుంది. మార్పుకు లొంగే సాఫ్ట్‌వేర్ అంటే ఇదే కదా అని మా నమ్మకం. అయితే వాపసు తెర కూడా అదే పట్టికను, ఆ రోజు తేదీ చెప్పి అడుగుతోంది. అది అడగవలసినది అసలు బిల్లు తేదీ. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పట్టికను కాదు, అసలు బిల్లునే అడగాలి. జీఎస్టీ మొదలైన 2017 జూలై 1 నుంచి 2025 సెప్టెంబరు 21 వరకు సిమెంటు మీద రేటు 28 శాతం నుంచి కదలలేదు కాబట్టి, ఏ తేదీ చెప్పి అడిగినా ఒకే జవాబు వచ్చేది. తప్పు ఎనిమిదేళ్లు ఒప్పుగా చెలామణీ అయింది.

ఈ కొట్టుకు కంప్యూటరు రావడానికి కారణం వరద. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ కర్నూలు మీదికి వచ్చినప్పుడు, కింది అంతస్తులో ఉన్న ఆవర్జాలన్నీ నానిపోయి, సిరా కారిపోయి, ఎవరు ఎంత బాకీయో తెలియని స్థితి వచ్చింది. కొందరు బాకీదారులు తమంతట తామే వచ్చి లెక్క చెప్పారు, మరికొందరు చెప్పలేదు; ఆ రెండు జాబితాలూ పెద్దాయనకు ఇప్పటికీ కంఠస్థమే. మరుసటి ఏడాది యజమాని మమ్మల్ని పిలిచి, నీళ్లకు తడవని లెక్క కావాలన్నారు. మేము అప్పుడు ఇద్దరమే. ఆవర్జాను తెర మీదికి ఎక్కించడమే పని అనుకున్నాము కానీ, వ్యాపారం చుట్టూ ఉన్న హద్దులు, పన్నులు, పేర్లు అన్నీ కదిలేవేనని మాకు అప్పుడు తోచలేదు.

మొదటి దెబ్బ 2014 జూన్ 2న తగిలింది. కర్నూలు నుంచి తుంగభద్ర వంతెన దాటితే అలంపూర్ వైపు ఊళ్లు, ఇంకొంచెం ముందుకు పోతే గద్వాల. జూన్ 1 వరకు అక్కడి మేస్త్రీలు, చిన్న డీలర్లు ఈ కొట్టుకు రాష్ట్రంలోని ఖాతాదారులే. వారి బిల్లు మీద 14.5 శాతం వ్యాట్, అంటే జీఎస్టీకి ముందున్న రాష్ట్ర అమ్మకపు పన్ను. తెల్లవారేసరికి అవతలి ఒడ్డు తెలంగాణ అయింది, అదే లారీ అదే వంతెన మీద పోతున్నా అది అంతర్రాష్ట్ర అమ్మకమైంది, సీ ఫారం, అంటే పన్ను నమోదు ఉన్న కొనుగోలుదారు ఇచ్చే పత్రం, ఇచ్చేవారికి 2 శాతం కేంద్ర అమ్మకపు పన్ను వేయవలసి వచ్చింది. 1953 అక్టోబరు నుంచి మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉండి, 1956 నవంబరులో ఆ హోదా పోగొట్టుకున్న ఊరికి రాష్ట్రాలు మారడం కొత్త సంగతి కాదు. మా ప్రోగ్రాముకు మాత్రం కొత్త. అందులో ఖాతాదారు రాష్ట్రం అనే గడి ఉంది, కానీ అందరికీ ఒకటే పేరు నిండి ఉంది. ఊరి పేరును ఎవరికి తోచినట్టు వారు టైపు చేసినందువల్ల అలంపూర్ ఒక్కటే నాలుగు రకాల స్పెల్లింగులతో కనబడింది. రెండు రాత్రులు కూర్చుని ఏ పేరు ఏ ఒడ్డుదో ఏరాము.

అసలు చిక్కు ఆ తరువాత వచ్చింది. అలంపూర్ ఖాతాదారుల రాష్ట్రాన్ని తెలంగాణగా మార్చగానే, ఏప్రిల్, మే నెలల్లో వారికి వేసిన బిల్లులు కూడా నివేదికల్లో అంతర్రాష్ట్ర అమ్మకాల కిందికి పోయాయి. ఎందుకంటే మా బిల్లు ఖాతాదారు రాష్ట్రాన్ని తనలో రాసుకోలేదు, అడిగినప్పుడల్లా ఖాతాదారు వివరాల్లోకి వెళ్లి చూసుకునేది. కాగితం మీద వేసిన బిల్లు అయితే అలా మారదు; ఆనాడు రాసినది ఆనాటిదిగానే ఉంటుంది. ఆ ఆవర్జాల నుంచి మేము మొట్టమొదట నేర్చుకోవలసిన పాఠం ఇది, నాలుగేళ్లు ఆలస్యంగా నేర్చుకున్నాము. బిల్లు వేసిన క్షణంలో దానికి కావలసిన పేరు, రాష్ట్రం, ధర, పన్ను రేటు అన్నీ బిల్లులోనే నకలుగా నిలిచిపోవాలని ఆ జూన్‌లో రాసుకున్నాము. రాసుకుని, వాపసు తెర దగ్గర మరిచిపోయాము.

2017 నాటి మార్పు వేరే జాతిది. 2014లో విలువ మాత్రమే మారింది, గడి అలాగే ఉంది. 2017 జూలైలో గడే మారింది. వ్యాట్ కాలంలో బిల్లు పట్టికలో పన్నుకు ఒకే నిలువు వరుస ఉండేది. జీఎస్టీలో రాష్ట్రం లోపల అమ్మితే కేంద్రానికి సీజీఎస్టీ, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ అని రెండు సగాలు, బయటకు అమ్మితే ఐజీఎస్టీ అని ఒకటి. మా ప్రోగ్రాములో వ్యాట్ అనే ఆ గడి పేరు ఎన్ని చోట్ల ఉందో వెతికితే రెండు వందలకు పైగా చోట్ల దొరికింది: బిల్లులో, రసీదులో, నెల నివేదికలో, చివరకు లారీ డ్రైవరుకు ఇచ్చే చీటీలో కూడా. గడువు దగ్గరపడుతున్నందున చాలామంది చేసినట్టే ఇంకో రెండు గడులు పక్కన చేర్చి బయటపడదామని నాకు అనిపించింది. నా భాగస్వామి ఒప్పుకోలేదు. రేపు ఇంకో సెస్సు వస్తే ఇంకో గడి చేరుస్తావా అని అడిగాడు. చివరకు పన్నును నిలువు గడుల్లోంచి తీసి, ప్రతి సరుకు కింద ఎన్ని పన్నులు ఉంటే అన్ని అడ్డు వరుసలు వచ్చేలా మార్చాము. ఒక్కొక్క వరుసలో పన్ను పేరు, రేటు, మొత్తం. మిగతా ప్రోగ్రాముకు మొత్తం పన్ను ఎంతో తెలిస్తే చాలు, అది ఎన్ని ముక్కలో తెలియనవసరం లేదు.

డేవిడ్ పార్నాస్ అనే కంప్యూటరు శాస్త్రవేత్త 1972లోనే ఒక వ్యాసంలో ఈ మాటే చెప్పాడని నాకు తరువాత తెలిసింది. ప్రోగ్రామును భాగాలుగా విడగొట్టేటప్పుడు పని జరిగే వరుసను బట్టి, అంటే ముందు చదవడం, తరువాత లెక్కగట్టడం, ఆ తరువాత అచ్చువేయడం అని విడగొట్టవద్దని, ఏ నిర్ణయాలు రేపు మారవచ్చో వాటిని గుర్తించి ఒక్కొక్క నిర్ణయాన్ని ఒక్కొక్క భాగంలో దాచిపెట్టమని ఆయన వాదన. దాచడం అన్నది ఇక్కడ కీలకం. పన్ను ఎన్ని ముక్కలన్నది రెండు వందల చోట్లకు తెలిసి ఉంటే, అది మారిన రోజున రెండు వందల చోట్లకు కబురు పంపాలి. ఒక్క చోటే తెలిసి ఉంటే, ఆ ఒక్క గది తలుపు తీసి పని చేసుకోవచ్చు. మేము 2010లో ప్రోగ్రామును సరిగ్గా ఆయన వద్దన్న పద్ధతిలోనే విడగొట్టాము, ఎందుకంటే కొట్లో పని ఆ వరుసలోనే జరుగుతుంది.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు పదమూడు నుంచి ఇరవై ఆరు అయినప్పుడు కొట్టుకు పన్ను పరంగా ఏ తేడా రాలేదు కానీ, ఖాతాదారుల కోడ్లు నవ్వులపాలయ్యాయి. మొదట్లో తెలివనుకుని కోడ్‌లో ముందు జిల్లా అక్షరాలు, తరువాత ఊరు, ఆ తరువాత అంకె పెట్టాము. డోన్, బేతంచెర్ల నంద్యాల జిల్లాలోకి పోయాయి. ఆదోని కర్నూలులోనే ఉండిపోయింది. కోడ్ మారిస్తే పాత బాకీల గొలుసు తెగుతుంది, మార్చకపోతే కోడ్ అబద్ధం చెబుతుంది. మారకుండా ఉంచాము, అది ఇప్పటికీ అబద్ధమే చెబుతోంది. కొత్త ఖాతాదారులకు మాత్రం ఏ అర్థమూ లేని వట్టి అంకె ఇస్తున్నాము. లారీ నంబర్ల తనిఖీ కూడా ఇంతే: కర్నూలు బండి అంటే ఏపీ 21 అని రాసిపెడితే, 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 వచ్చింది, తెలంగాణ బండి అంటే టీఎస్ అని రాసిపెడితే 2024లో టీజీ వచ్చింది.

ఇంతవరకు చదివినవారు, అన్నిటినీ సెట్టింగుల్లో పెట్టేస్తే పోదా అనుకోవచ్చు. మేమూ అనుకున్నాము. జీఎస్టీ నాటి అలసట తీరకముందే, 2018లో, ఇకమీదట ఏ మార్పు వచ్చినా ప్రోగ్రాము ముట్టకుండా కొట్టువారే చేసుకునేలా ఒక పెద్ద నియమాల పలక తయారు చేశాము. సిమెంటు వ్యాపారంలో రాయితీలకు అంతు లేదు: నగదు రాయితీ, పరిమాణం మీద రాయితీ, నెలాఖరు టార్గెట్ రాయితీ, తరువాత కంపెనీ పంపే రేటు డిఫరెన్సు. ఇవన్నీ సూత్రాలుగా రాసుకునే వీలు, ఏది ముందు ఏది తరువాత అని వరుస పెట్టుకునే వీలు, ఏ కౌంటరుకు వర్తించాలో టిక్కు పెట్టుకునే వీలు కల్పించాము. పూర్తయ్యేసరికి ఆ పలక మీద అరవైకి పైగా మీటలు తేలాయి. చూపించినప్పుడు యజమాని ముచ్చటపడ్డారు. వాడవలసినవారు ముట్టుకోవడానికే భయపడ్డారు.

ఆ పలకను పెట్టిన ఇంకొక కొట్లో, కొత్తగా చేరిన కుర్రవాడు ఒక డీలరుకు నగదు రాయితీ ఇవ్వబోయి ఒక టిక్కు పెట్టాడు. అది ఆ డీలరుకు కాక ఒక కౌంటరు మొత్తానికి వర్తించి, నగదు రాయితీ బిల్లులో ఒకసారి, నెలాఖరు లెక్కలో ఇంకోసారి తగ్గింది. తొమ్మిది రోజుల తరువాత గల్లాపెట్టె లెక్క కుదరక బయటపడింది. ఆ కుర్రవాడి తప్పు ఏమీ లేదు. మేము రాసే ప్రోగ్రాములో ఒక వాక్యం మార్చాలంటే పాత వాక్యం ఏదో నిలిచి ఉంటుంది, మార్చినవారి పేరు ఉంటుంది, పరీక్ష ఉంటుంది. అదే మార్పును టిక్కు రూపంలో అతని చేతికిచ్చి ఆ మూడూ తీసేశాము. సెట్టింగు కూడా ప్రోగ్రామే, కాకపోతే పరీక్ష లేని ప్రోగ్రాము. ఆ పలకను ఏడాదిలోపే ఎత్తేసి, నిజంగా వాడుతున్న మూడు రకాల రాయితీలను మామూలు ప్రోగ్రాముగానే రాసిపెట్టాము. కొత్త రకం వస్తే మాకు చెప్పాలి, రెండు రోజులు పడుతుంది. ఆ రెండు రోజుల ఆలస్యం గురించి ఇంతవరకు ఎవరూ గొణగలేదు.

పెద్ద సంస్థలదీ ఇదే కథ, అంకెలు మాత్రం పెద్దవి. జర్మనీకి చెందిన శాప్ వంటి సాఫ్ట్‌వేర్‌ను కొన్న కంపెనీలు తమ పద్ధతికి తగినట్టుగా దాని మూల ప్రోగ్రామునే కోసి కుట్టుకుని, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఎక్కలేక ఆగిపోయిన ఉదంతాలు ఆ రంగంలో అందరికీ తెలిసినవే. ఇప్పుడు ఆ సంస్థే మూలాన్ని ముట్టవద్దని, మార్పులను పక్కన విడి భాగాలుగా పెట్టుకోమని చెబుతోంది. మా ఈ-ఇన్‌వాయిస్ భాగాన్ని, అంటే బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే భాగాన్ని, మేము పక్కన పెట్టింది మాత్రం దూరదృష్టితో కాదు, అనుమానంతో. 2020 అక్టోబరులో ఈ-ఇన్‌వాయిస్ 500 కోట్ల టర్నోవరు దాటినవారికే అన్నప్పుడు మా కొట్లకు దానితో పని లేదు. ఆ హద్దు దిగుతూ దిగుతూ 2023 ఆగస్టుకు 5 కోట్లకు వచ్చి మా గుమ్మం ముందు నిలబడింది. ప్రభుత్వ పోర్టల్ అడిగే రూపం ఎప్పుడు మారుతుందో మన చేతిలో లేదు కనుక, ఆ రూపంలోకి బిల్లును మార్చే పనిని విడి భాగంగా ఉంచాము. బిల్లుకు పోర్టల్ ఉన్నట్టే తెలియదు.

సాఫ్ట్‌వేర్ ఎక్కడ వంగడం లేదో తెలుసుకోవడానికి మేము ఇప్పుడు కొట్టుకు వెళ్లి కంప్యూటరు పక్కన ఏముందో చూస్తాము. అక్కడ పొడుగాటి నోటుపుస్తకం ఉన్నా, డెస్క్‌టాప్ మీద ఎక్సెల్ ఫైలు తెరిచి ఉన్నా, ఆ మనిషి మనకు చెప్పకుండా మన లోటును తానే పూడ్చుకుంటున్నాడన్నమాట. పెద్దాయన నోటుపుస్తకంలో ఒక పేజీ నిండా హమాలీ లెక్కలు ఉండేవి, ఎందుకంటే మా బిల్లులో హమాలీకి ఒకే గడి ఉంది, ఆయనకు దించినందుకు వేరే, ఎక్కించినందుకు వేరే రేటు. అడిగితే, "మీరు బిజీగా ఉంటారు, దీనికెందుకు పిలిచేదని" అన్నారు. ఫిర్యాదు రాకపోతే అంతా బాగున్నట్టు కాదని ఆయన మర్యాదను బట్టి అర్థమైంది.

ఆ ఆరు వందల రూపాయల ఫోను తరువాత మా పద్ధతిలో రెండు పనులు చేరాయి. ఒకటి, ప్రతి కొట్టు పాత బిల్లుల్లోంచి కొన్ని వందలు తీసి సాక్షులుగా పెట్టుకున్నాము. ప్రోగ్రాము మార్చిన ప్రతిసారీ వాటిని మళ్లీ లెక్కగట్టించి, పైసా తేడా వచ్చినా ఆపుతాము. వ్యాట్ కాలం బిల్లులు, 28 శాతం నాటి బిల్లులు, వాపసులు అన్నీ అందులో ఉన్నాయి. ఇవి ఉన్నప్పుడే ధైర్యంగా చేయి పెట్టగలం, లేకపోతే ఎంత చక్కగా విడగొట్టిన ప్రోగ్రామైనా ముట్టాలంటే చేయి వణుకుతుంది. రెండో పని, ప్రతి మూడు నెలలకూ ఒకసారి ఉత్తుత్తి మార్పు చేస్తాము. నకలు కంప్యూటరులో తేదీని ముందుకు జరిపి, ఫలానా రోజు నుంచి ఫలానాది మారిందనుకుని, రోజంతా బిల్లులు, వాపసులు, వసూళ్లు, నెల నివేదిక అన్నీ నడిపిస్తాము. సిమెంటు రేటును ఇలా 2018లో ఒక్కసారి మార్చి చూసి ఉంటే వాపసు తెర ఆనాడే దొరికేది.

మొదటిసారి పన్ను రేటు మార్చి చూశాము, నిలబడింది. రెండోసారి ఒక గోదాము పట్టణం నుంచి కల్లూరు వైపు మారినట్టు పెట్టాము, సరుకు నిల్వ సరిపోయింది కానీ సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లులో పాత చిరునామా వచ్చింది, దిద్దాము. మూడోసారి ఏం పెడదామని అడిగితే, మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి, వాళ్లది ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇల్లు, పన్నులు మారడం కంటే అన్నదమ్ములు వేరుపడటమే ఎక్కువ కదా సార్ అంది. పదిహేనేళ్లలో మాకు తట్టని మాట అది. ఒక కొట్టును రెండు కొట్లుగా, ఒక జీఎస్టీ నంబరును రెండు నంబర్లుగా విడదీసి, సరుకును, ఖాతాదారులను, బాకీలను సగం సగం పంచి చూశాము. సరుకు పంచగలిగాము. బాకీల దగ్గర ప్రోగ్రాము పూర్తిగా ఆగిపోయింది, ఒక బిల్లు బాకీ ఇద్దరికి చెందవచ్చని దానికి తెలియదు. ఇప్పుడు ఆ పనిలోనే ఉన్నాము. పరీక్షకు వాడుకున్న లెక్కలు పెద్దాయన కొట్టువి. అక్కడ ఇద్దరు అన్నదమ్ములు ఒకే గల్లా దగ్గర కూర్చుంటారు. మేము ఏ మార్పును సాధన చేస్తున్నామో వారికి ఇంకా చెప్పలేదు.